చివరి అధ్యాయం మీద మూడు కుట్లు

ఆ ముడి తను వేసింది కాదని బైండరమ్మకి వేలు తగలగానే తెలిసిపోయింది.

ఆవిడ కుట్టే దారానికి మైనం రుద్దుతుంది. ఇరవై ఆరేళ్ళుగా రుద్దుతూనే ఉంది. మైనం పట్టిన దారం వేలికి మొండిగా, కాస్త జిడ్డుగా తగులుతుంది. ఇది అలా లేదు. మామూలు కుట్టుమిషను దారం. రంగు మాత్రం అచ్చం అదే తెలుపు. పైగా తను ముడి వేస్తే కొసలు రెండూ ఒకే పక్కకి వాలతాయి. ఇక్కడ ఒకటి అటు, ఒకటి ఇటు తిరిగి, మాటల్లేని తోడికోడళ్ళలా ఉన్నాయి. ఎవరో తన కుట్లు విప్పి, చూడాల్సింది చూసేసి, అవే కన్నాల్లోంచి మళ్ళీ కుట్టి, ఏమీ ఎరగనట్టు పుస్తకం తిరిగి పంపించారు.

"ఎంత గుండెధైర్యం," అనుకుంది బైండరమ్మ. కొట్లో ఎవరూ లేరని తెలిసి కూడా ఒకసారి చుట్టూ చూసింది.

మూడు కుట్ల కోసం ఇంత ఒళ్ళుమంట ఏమిటని ఎవరైనా అడగొచ్చు. అడిగేవాళ్ళకి క్లబ్బు సంగతి తెలీదన్నమాట.

లైబ్రరీ మేడ మీద, పాత పేపర్లు కట్టలు కట్టి పెట్టే గది పక్కన, ఒక పొడుగాటి బల్ల ఉంది. ప్రతి నెలా మొదటి శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆ బల్ల చుట్టూ అయిదుగురు చేరతారు. వాళ్ళు చదివేది ఒకే రకం నవలలు. పోయిన మనిషి ప్రేమించినవాళ్ళ కోసం తిరిగి రావడం, పున్నమికి తోడేలయ్యే పోస్టుమాస్టర్ని టీచరమ్మ పెళ్ళాడటం, మూడొందల ఏళ్ళ రక్తపిశాచి టైలరు కొట్టు పెట్టుకుని మెడ కొలతలు తీస్తూ సిగ్గుపడటం, ఈ బాపతు. కింద పోటీపరీక్షలకి చదువుకునే కుర్రకారు వీళ్ళు మెట్లెక్కుతుంటే నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వాళ్ళ పుస్తకాల్లో ఎవరూ ఎవరి కోసమూ తిరిగిరారు.

పుస్తకం ఒక్కటే కాపీ. బైండరమ్మ దానికి గట్టి అట్ట వేసి, ముందు తను చదివి, వరసలో పంపుతుంది. మొదటి వారం లెక్కల మాస్టారు, రెండో వారం లైబ్రరీ పెద్దాయన, మూడో వారం నర్సు, నాలుగో వారం బైండరమ్మ వదిన. శుక్రవారం సాయంత్రం వదిన పళ్ళ డాక్టరు క్లినిక్కులో డ్యూటీ దిగి వస్తూ పుస్తకాన్ని కొట్లో ఇచ్చి వెళుతుంది. అంతా చదువుతారు, చివరి అధ్యాయం తప్ప.

ఆ చివరి అధ్యాయం కథ ఒక పొరపాటుతో మొదలైంది. నాలుగేళ్ళ కిందట ఒక చిరిగిన నవలని బాగుచేస్తూ, ధ్యాస ఎక్కడో పెట్టి, బైండరమ్మ ఆఖరి ఇరవై పేజీల్ని వెన్నువైపు కుట్టిందే కాక తెరుచుకునే వైపు కూడా కుట్టేసింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని తెలివితక్కువ పని. చదువుతూ వెళ్ళినవాళ్ళందరికీ సరిగ్గా కథ పీకలమీదికొచ్చిన చోట పుస్తకం నోరు మూసుకుంది. లైబ్రరీ పుస్తకం కదా, కత్తి పెట్టే సాహసం ఎవరూ చేయలేదు. ఆ శనివారం దెయ్యం ఉంటుందా పోతుందా అని గంటన్నర సేపు తగువులాడుకున్నారు. మాస్టారు ఒంటికాలి మీద లేచారు. తర్వాత కుట్లు కత్తిరించి, చివరి అధ్యాయం పైకి చదువుకుంటే, అందరూ ఒకేసారి విన్నారు. అంత మంచి శనివారం అంతకుముందు రాలేదు. అప్పట్నుంచీ అదే ఆచారమైంది. బైండరమ్మ చివరి అధ్యాయాన్ని కళ్ళు పక్కకి తిప్పుకుని, దబ్బనంతో మూడు కన్నాలు పొడిచి, మూడు కుట్లు వేసి, ముడి వేస్తుంది. శనివారం అందరూ తమ ఊహ చెబుతారు. తిరిగొచ్చినవాడు ఉంటాడా, పోతాడా. పెద్దాయన రిజిస్టర్లో రాసుకుంటారు. చీటీ తీసి ఎవరి పేరొస్తే వాళ్ళు పైకి చదువుతారు.

ఇప్పుడు ఆ ముడి ఎవరో విప్పారు.

ఇందులో బైండరమ్మకి ఆటకన్నా పెద్ద సంగతి ఒకటుంది. పది నెలల కిందట ఆవిడ అన్నయ్య పోయాడు. ఆవిడకి పెళ్ళీ పెటాకులూ లేవు. అన్నయ్య, వదిన, కొట్టు, అంతే సంసారం. అన్నయ్య తాలూకు మనిషి ఇక మిగిలింది వదిన ఒక్కతే. ఆ వదిన క్లినిక్కుకి వెళ్ళడం, ఇంటికి రావడం తప్ప గడప దాటడం మానేసింది. ఈ ఒక్క శనివారానికే చీర మార్చుకుని వస్తుంది. పోయిన మొగుళ్ళు తిరిగొచ్చే పుస్తకాలు ఇప్పుడెందుకు, ఇంకేవైనా చదువుదామా అని మాస్టారు మొహమాటపడుతూ అడిగితే, వదినే నవ్వేసింది. "ఇప్పుడే కదండీ నాకు కావలసింది. మునుపు ఊరికే చదివాను," అంది. ఉన్న అయిదుగురిలో ఎక్కువ నవ్వేది ఆవిడే. ఊహ అడిగితే నాలుగేళ్ళుగా ఒకటే జవాబు. ఉంటాడు.

క్లబ్బు చెడితే వదిన ఆ ఇంట్లోంచి కదలదు. అందుకని బైండరమ్మకి ఆ దారం ముక్క పాముపిల్లలా కనబడింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే దొంగ జాగ్రత్తపడతాడు. మర్నాడు బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కరి మొహమే చదివింది. మాస్టారు పేజీలు లెక్కపెట్టి, "ఇరవై రెండే మిగిలాయి, పోవడానికి ఇంత చోటు అక్కర్లేదు, కాబట్టి ఉంటాడు," అన్నారు. లెక్క వేసే మనిషికి దొంగచూపు అవసరమా, లేక చూసేసి లెక్క చెబుతున్నారా? పెద్దాయన దగ్గర అన్ని బీరువాల తాళాలూ ఉంటాయి. పైగా ఆయన బిస్కట్టు టీలో ముంచి, తీయడం మరిచిపోయి ఎటో చూస్తున్నారు. ఆయన ఎప్పుడూ అలాగే మరిచిపోతారని తెలిసి కూడా బైండరమ్మ ఆ బిస్కట్టుని అనుమానంగా చూసింది. వదిన "ఉంటాడు, ఎక్కడికి పోతాడు నా మొహం," అని నవ్వింది. నర్సు మాత్రం ఎప్పటిలాగే రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, "నేను చెప్పనండీ," అంది.

అక్కడ బైండరమ్మ చూపు ఆగింది.

నర్సు వచ్చి అయిదు నెలలే అయింది. వదినే తీసుకొచ్చింది, మా వీధి చివర ఉంటుంది, పుస్తకాలంటే ఇష్టం అని. మాట తక్కువ. టీ ముట్టుకోదు. వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా ఊహ చెప్పలేదు. తెలియని మనిషి ఏదో ఒకటి అంటుంది. తెలిసిన మనిషే నోరు కట్టుకుంటుంది. బైండరమ్మ ఈ మాట మనసులో అనుకుని, తన తెలివికి తనే మురిసింది.

మరుసటి నెల వల పన్నింది. దారానికి మైనం రుద్ది, లోపలివైపు ఎర్ర పెన్సిలుతో చిన్న గీత పెట్టింది. "అట్ట ఊడుతోందేమో చూస్తాను," అనే వంకతో ప్రతి వారం పుస్తకం చేతులు మారేముందు కొట్టుకి తెప్పించుకుంది. మాస్టారి దగ్గర్నుంచి వచ్చింది. ఎర్ర గీత ఉంది. పెద్దాయన దగ్గర్నుంచి వచ్చింది. ఉంది. మధ్యలో ఒక బిస్కట్టు మరక కూడా ఉంది, అది వేరే సంగతి. నర్సు మాత్రం కొట్టుకి తీసుకురాకుండా నేరుగా వదిన ఇంట్లో ఇచ్చేసింది. శుక్రవారం వదిన తెచ్చేసరికి ఎర్ర గీత లేదు. మైనమూ లేదు. కొసలు మళ్ళీ అటొకటి, ఇటొకటి.

ఆ ముడిని బైండరమ్మ వెలుతురులో పెట్టి చూసింది. ఎక్కడో చూసిన ముడి. చూస్తూ చూస్తూ తన ఎడం బొటనవేలు తిప్పి చూసుకుంది. రెండేళ్ళ కిందట కాగితాలు కోసే కత్తి జారి తెగినప్పుడు ఆసుపత్రిలో నాలుగు కుట్లు వేశారు. వాటి కొసలు సరిగ్గా ఇలాగే, చెరోవైపు తిరిగి నిలబడ్డాయి.

"దొరికావమ్మా," అంది.

పుస్తకం ఇద్దరి చేతుల్లోంచి వచ్చిందన్న సంగతి ఆవిడకి తట్టలేదు. తట్టినా లెక్కలోకి తీసుకునేది కాదు. వదిన ఇంటి మనిషి. ఇంటి మనిషిని అనుమానించడం ఆవిడకి చాతకాదు.

శనివారం వచ్చింది. వదిన రాలేదు. తలనొప్పిగా ఉంది, మీరు కానివ్వండి అని ఫోను చేసింది. ఆ నెల పుస్తకం వాన పడితేనే కనబడే ఒక భర్త కథ. మాస్టారు, పెద్దాయన ఊహలు చెప్పారు. నర్సు నోరు విప్పేలోపు బైండరమ్మ పుస్తకాన్ని బల్ల మధ్యలోకి తోసింది.

"ఈ ముడి నాది కాదు."

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. పెద్దాయన పెన్సిలు గాల్లో ఆగింది.

"రెండు నెలలుగా చూస్తున్నాను. ఎవరో విప్పి, చదివి, మళ్ళీ కుడుతున్నారు. ఇది గాయాలకి కుట్లు వేసే చెయ్యి. బట్టలకి వేసే చెయ్యి కాదు." బైండరమ్మ ఎవరి పేరూ ఎత్తలేదు. కళ్ళు మాత్రం నర్సు మీదే ఉన్నాయి. "చెప్పేదేమైనా ఉంటే చెప్పండి."

నర్సు నీళ్ళు నమలలేదు. "నేనేనండీ," అంది, మందు పేరు చెప్పినంత మామూలుగా.

"ఎందుకు?"

"చూడాలనిపించింది."

"మా అందరికీ అనిపిస్తుంది. మేం ఆగుతున్నాం కదా."

నర్సు మాట్లాడలేదు. ఒక్క సాకు చెప్పినా, కనీసం ఏడ్చినా బైండరమ్మ చల్లబడేదేమో. ఆ మౌనం ఆవిడకి పొగరులా కనబడింది. "ఇక్కడ ఉన్నది ఒకే ఒక్క నియమం. అది కూడా నిలబెట్టలేనివాళ్ళు ఇక్కడ కూర్చోనక్కర్లేదు," అంది. గొంతు తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.

"పోనీలెద్దురూ," అన్నారు మాస్టారు నెమ్మదిగా. ఎవరూ వినిపించుకోలేదు.

నర్సు లేచి కుర్చీ బల్ల కిందికి తోసింది. గుమ్మం దగ్గర ఆగి, "మీ వదినగారి తలనొప్పి ఎలా ఉందో ఒకసారి వెళ్ళి చూడండి," అని మెట్లు దిగిపోయింది.

మిగిలిన ముగ్గురూ మొహాలు వేలాడేసుకుని చివరి అధ్యాయం చదువుకున్నారు. ఆ ఏటి ఆఖరి వాన వెలిసింది. భర్త పోయాడు. పెద్దాయన రిజిస్టర్లో 'పోయాడు' అని రాసి మూయబోతుంటే, బైండరమ్మ ఆపింది. నర్సు పేరు కొట్టేద్దామని పెన్ను తీసుకుంది.

పెద్దాయన ఎంత మతిమరుపు మనిషైనా రిజిస్టరు మాత్రం ముత్యంలా రాస్తారు. నెలకో గీత, మనిషికో గడి. నర్సు గడిలో పోయిన నెల దాకా 'చెప్పను, చెప్పను'. దాని పక్కది వదిన గడి. బైండరమ్మ పెన్ను అక్కడ ఆగిపోయింది. వదిన గడిలో 'ఉంటాడు'. తర్వాత ఖాళీ. మళ్ళీ 'ఉంటాడు'. మళ్ళీ ఖాళీ. 'ఉంటాడు'. ఇవాళ ఖాళీ. ఆ చివర గడిలో, నవల నిజంగా ఎలా ముగిసిందో రాసే చోట, ఖాళీ ఉన్న మూడు నెలలకీ ఎదురుగా ఒకటే మాట. పోయాడు, పోయాడు, పోయాడు.

మొదటి ఖాళీకి చుట్టాల ఇంట్లో పని అంది. రెండోదానికి క్లినిక్కులో ఎక్కువ రద్దీ అంది. ఇవాళ తలనొప్పి. దెయ్యం ఉండిపోయిన నెలల్లో మాత్రం వదినకి ఏ రోగమూ రాలేదు, ఏ చుట్టమూ గుర్తురాలేదు.

బైండరమ్మ పెన్ను బల్ల మీద పెట్టేసి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే బయల్దేరింది.

వదిన తలుపు తీసింది. తలకి గుడ్డ కట్టుకోలేదు, మందు వాసన లేదు. వంటింట్లో బీరువా అరల్లో పాత కాగితాలు తీసి కొత్తవి పరుస్తోంది.

"తగ్గిందా వదినా?"

"ఏంటి తగ్గేది?" అని, గుర్తొచ్చి నవ్వబోయింది వదిన. మరదలి మొహం చూసి ఆ నవ్వు మధ్యలో వదిలేసింది.

"నర్సుని పంపించేశాను," అంది బైండరమ్మ. "నలుగురిలో నిలదీసి మరీ."

వదిన చేతిలో కాగితం మడత పెట్టింది. మళ్ళీ విప్పింది. "తనేమంది?"

"చూడాలనిపించిందంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు."

"చెప్పదు. ఆ మనిషి అంతే." వదిన స్టూలు మీద కూర్చుంది. "నేనే అడిగానమ్మాయ్. నేను విప్పితే నాకు చదవకుండా ఉండటం చాతకాదు. చదివితే తట్టుకోలేను. నువ్వు చూసి, ఉంటాడో పోతాడో ఒక్క మాట చెప్పు చాలు అన్నాను. ఉంటాడంటే వస్తాను. లేదంటే తలనొప్పి."

"నాకెందుకు చెప్పలేదు? నేను పరాయిదాన్నా?"

"నీ నియమం కదే అది. పైగా నీకూ అన్నయ్యేగా. నువ్వు నన్ను చూసి ధైర్యం తెచ్చుకుంటున్నావు. నేను నవ్వడం మానేస్తే నువ్వేమైపోతావు?"

ఇన్ని నెలలుగా తనే వదినని కాచుకుంటున్నాననుకుంది బైండరమ్మ.

"ఆ రోజు ఆసుపత్రిలో మీ అన్నయ్య నన్ను ఇంటికి పొమ్మన్నారు," అంది వదిన, అరలో కాగితం అంచు సరిచేస్తూ. "వెళ్ళి స్నానం చేసి, కాస్త తిని రా, నేనెక్కడికీ పోను అన్నారు. గంటన్నరలో వచ్చేశాను. వచ్చేసరికి అయిపోయింది. అప్పుడు పక్కన ఉన్నది ఈ నర్సే. చెయ్యి పట్టుకుని కూర్చుందట. నాకంటే తనకే తెలుసు ఆయన ఎలా పోయారో. అందుకే తనని అడగడం తేలికైంది." ఇంకో కాగితం తీసుకుంది. "ఆయన చెప్పాపెట్టకుండా పోయారు. ఇంకోసారి, పుస్తకంలోనైనా సరే, నా ఎదురుగా ఎవరైనా అలా పోతే నేను చూడలేను."

బైండరమ్మ కింద కూర్చుని వదిన మోకాలికి తల ఆనించి ఏడ్చింది. అన్నయ్య పోయాక అంత బాగా ఏడవడం ఆవిడకి అదే మొదటిసారి. వదిన ఒకచేత్తో ఆవిడ తల నిమురుతూ, రెండోచేత్తో అరలు తుడుస్తూనే ఉంది.

"వచ్చే నెల పుస్తకం కుట్టేశావా?" అంది చివరికి.

"కుట్టేశాను."

"నర్సు లేదుగా ఇప్పుడు. ఇంక నేను రానులే. మీరు కానివ్వండి."

అంత పనీ అవుతుందని తెలిసే కదా రెండు నెలలు కాపలా కాసింది. కాపలా కాసి తనే పుట్టి ముంచింది. "రావాలి," అంది బైండరమ్మ. "అందులో ఉంటాడు."

"నువ్వు చూశావా?"

"చూశాను," అని అబద్ధం ఆడేసింది.

కొట్టుకి వచ్చి, షట్టరు సగం దించి, నాలుగేళ్ళలో మొదటిసారి తన కుట్లు తనే కత్తిరించింది. గడియారాలు బాగుచేసే మనిషి ఒకడు చనిపోయి, భార్య ఇంట్లో ఆగిపోయిన గోడగడియారం నడపడానికి రోజూ సాయంత్రం నాలుగింటికి వచ్చి పోతుండే కథ అది. చివరి అధ్యాయం పందొమ్మిది పేజీలు. మొదటి పేజీలోనే వాడు సెలవు తీసుకోవడం మొదలుపెట్టాడు. పోయాడంటే అలా ఇలా పోలేదు. గదిగదికీ వీడ్కోలు చెప్పి, గడియారానికి ఆఖరిసారి కీ ఇచ్చి, గోడలోంచి నడుచుకుంటూ పోయాడు. ఆ రాసినవాడి చేతులు పడిపోనూ అని తిట్టుకుంటూ, తిడుతూనే కళ్ళు తుడుచుకుని, బైండరమ్మ మళ్ళీ మైనపు దారంతో కుట్టేసింది.

మర్నాడు నర్సు ఇంటికి వెళ్ళింది. నర్సు మేడ మెట్ల మీద కూర్చుని తెల్ల బూట్లకి తెల్ల పాలిష్ పూస్తోంది. లేచి కుర్చీ వేయబోతే బైండరమ్మ మెట్టు మీదే చతికిలబడింది.

"నలుగురిలో అన్నాను. క్షమించమని కూడా నలుగురిలోనే అడుగుతాను. ముందు ఒక్కదాన్నే అడుగుదామని వచ్చాను."

"పర్లేదండీ. కుట్లు విప్పింది నేనే కదా."

"నిజం చెప్పి ఉండొచ్చుగా."

"రోగుల సంగతులు, వాళ్ళ ఇంటివాళ్ళ సంగతులు పైకి చెప్పుకుంటూ తిరిగితే నేనీ ఉద్యోగానికి పనికిరాను." నర్సు బ్రష్షు పక్కన పెట్టింది. "నా ముడి అంత తెలిసిపోయిందా?"

బైండరమ్మ బొటనవేలు చూపించింది. తర్వాత తన అబద్ధం సంగతి చెప్పింది. గోడలోంచి పోవడం దాకా విని, నర్సు ఆరు నెలల్లో మొదటిసారి పళ్ళు కనబడేలా నవ్వింది. "ఏం చేద్దామని?"

"చదివేటప్పుడు ఉండేలా చదువుతాను."

"మీకు కథలు చెప్పడం వచ్చా?"

"ఎక్కడొచ్చు. అట్టలు వేయడం వచ్చు. మీరు వచ్చి నా పక్కన కూర్చోండి."

మరుసటి నెల శనివారం అయిదుగురూ ఉన్నారు. బైండరమ్మ లేచి నిలబడి, పోయిన నెల తొందరపడి మాట జారానని, ఇంతకన్నా ఎక్కువ అడగొద్దని అంది. మాస్టారు అడగబోతే పెద్దాయన టీ కప్పు ఆయన చేతిలో పెట్టారు. ఊహలు మొదలయ్యాయి. మాస్టారు పోతాడన్నారు. పెద్దాయన పోతాడేమోనన్నారు. నర్సు చెప్పనంది. వదిన మరదలి వంక ఒకసారి చూసి, "ఉంటాడు," అంది. ఈసారి నవ్వలేదు.

చీటీలు తీయనివ్వకుండా బైండరమ్మ పుస్తకం లాక్కుంది. కత్తెరతో కుట్లు కత్తిరించి చదవడం మొదలుపెట్టింది.

మొదటి రెండు పేరాలు ఉన్నవి ఉన్నట్టు చదివింది. మూడోదాంట్లో వాడు సెలవు తీసుకోబోయాడు. అక్కణ్ణుంచి కళ్ళు పేజీ మీద, మాట గాల్లో. "వాడు గుమ్మం దాకా వెళ్ళి... వెనక్కి తిరిగాడు. ఆవిడ ఎందుకు తిరిగావంది. ఏం లేదు, ఉందామని, అన్నాడు." మాస్టారు తలెత్తారు. మూడొందల పేజీలు వానలా మాట్లాడిన మనిషి ఇలా ముక్తసరిగా మాట్లాడటమేమిటని ఆయన అనుమానం. బైండరమ్మకి చెమటలు పట్టాయి. పేజీ తిప్పాలని కూడా తోచలేదు. నర్సు చెయ్యి చాపి, నిజంగా అక్కడికి చదవడం పూర్తయినట్టే, మెల్లగా పేజీ తిప్పింది. మళ్ళీ కాసేపటికి ఇంకొకటి.

"తర్వాత వాడు గడియారానికి కీ ఇచ్చాడు. ఇచ్చి..." ఇచ్చి ఏం చేస్తాడు? ఇంట్లో ఉండిపోయిన మనిషి ఏం చేస్తాడు? బైండరమ్మకి తెలిసిన మగమనిషి జీవితంలో ఒక్కడే. "ఇచ్చి, వంటింట్లోకి వెళ్ళాడు. స్టౌ కట్టి ఉందా లేదా చూశాడు. చూసి వచ్చి, అనుమానం తీరక మళ్ళీ వెళ్ళి చూశాడు. పెరటి తలుపు గడియ లాగి చూశాడు. కిటికీ రెక్కలు నొక్కి చూశాడు. అప్పుడొచ్చి మంచం పక్కన నిలబడి అన్నాడు, అన్నీ చూశాను, ఇంక పడుకో."

వదిన చేతులు బల్ల మీద ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఇరవై రెండేళ్ళు రోజూ పడుకునేముందు విన్న మాట అది. బైండరమ్మ తలెత్తలేకపోయింది. "ఆవిడ పడుకుంది," అని ఎలాగో ముగించి పుస్తకం మూసింది.

"పందొమ్మిది పేజీలు ఆరు నిమిషాల్లో..." అని లెక్క మొదలుపెట్టిన మాస్టారు, వదిన మొహం చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకోవడంలో పడ్డారు. ఆయన కళ్ళు కూడా ఎందుకో తడిగానే ఉన్నాయి.

పెద్దాయన రిజిస్టరు తెరిచి పెన్సిలు పట్టుకుని, ఏం రాయాలో తోచక, ఎవరి వంకా కాకుండా అడిగారు. "ఏమని రాయమంటారు?"

"ఉన్నాడని రాయండి," అంది వదిన.

చేయి చాపి, మరదలి ముందున్న పుస్తకం తన వైపు లాక్కుంది. వదిన ఆ పందొమ్మిది పేజీల మందాన్ని వేళ్ళ మధ్య ఒకసారి పట్టి చూసింది, తెరవలేదు. అట్ట మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది. తర్వాత తిరిగి ముందుకు తోసింది.

"మళ్ళీ కుట్టెయ్ అమ్మాయ్. నేను విన్నది చాలు."

దబ్బనం బైండరమ్మ సంచిలో ఎప్పుడూ ఉంటుంది. పాత కన్నాల్లోంచే మూడు కుట్లు వేసింది. ముడి వేయబోతే కొసలు జారిపోయాయి. నర్సు ఆ కొసలు తను అందుకుని, ఒకటి అటు, ఒకటి ఇటు లాగి బిగించింది.